నా ఒంటి మీద అచ్చు 13.6–28

మా వంశానికి మూలపురుషుడు ఓ పశువుల డాక్టరు. పేరు జాన్ బాయిడ్ డన్‌లప్, ఉన్న ఊరు ఐర్లండులోని బెల్‌ఫాస్ట్. 1887లో ఆయన కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కుతుంటే రాళ్ల దారిలో ఆ గట్టి చక్రాలు పిల్లవాణ్ని కుదిపి వదిలిపెట్టేవి. తండ్రి రబ్బరు రేకును గొట్టంలా అతికించి, గాలి కొట్టి, చక్రానికి తొడిగాడు. మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నాడు. గాలి చక్రం ఊహ రాబర్ట్ థామ్సన్ అనే మరొకాయనకు నలభై ఏళ్ల ముందే వచ్చిందనీ, కాగితాలు కూడా ఆయన పేరిట ఉన్నాయనీ తర్వాత తేలింది. ఆ తగాదాలోకి నేను పోను. లారీలకూ ట్రాక్టర్లకూ పనికొచ్చే ముందు మేం ఓ పిల్లవాడి ఆటకు పనికొచ్చాం, నాకు అది చాలు. ఈ సంగతి కూడా నాకు ఆలస్యంగానే తెలిసింది. బావి మెట్ల మీద కూర్చుని మా రైతు పెద్దపిల్ల తమ్ముడికి చదివి వినిపిస్తుంటే విన్నాను. అంతవరకూ దుక్కి కోసమే పుట్టాననుకున్నాను.

నేను ట్రాక్టరు వెనక చక్రపు ట్యూబును. బ్యూటైల్ రబ్బరు. మామూలు రబ్బరు కన్నా గాలిని ఎక్కువ కాలం పట్టి ఉంచుతాను. ఒంటి మీద 13.6–28 అని అచ్చు ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది ఇనుప రిమ్ము అడ్డుకొలత, రెండూ అంగుళాల్లో. జనగామ వైపు ఓ పల్లెలో చాలా ఏళ్లు టైరు లోపలి చీకట్లో బతికాను. మాలో ఉండేది గాలి ఒక్కటే అనుకుంటారు జనం. దుక్కిలో చక్రం జారకుండా బరువు కోసం ముప్పాతిక దాకా నీళ్లు నింపుతారు, పైన మిగిలిన చోట గాలి కొడతారు. వంద లీటర్ల పైనే పట్టేది నాకు. అంటే నీళ్లను ముందు కడుపులో మోశాను, వాటి మీద తేలడం తర్వాతి ముచ్చట.

సర్కారుతుమ్మ ముళ్లు దిగినప్పుడల్లా పంచరు షాపుకు తీసుకెళ్లేవాళ్లు. షాపాయన నన్ను నీళ్ల తొట్టిలో తిప్పి తిప్పి, బుడగలు లేచిన చోట వేలు పెట్టి, ప్యాచీ వేసేవాడు. చివరకు ఓసారి గాలి పోయిన చక్రంతోనే డ్రైవరు చేను నుంచి ఇంటిదాకా బండి నడిపాడు. రిమ్ముకూ టైరుకూ నడుమ నలిగిపోయాను.

"ఇగ ఇది టైర్ల పనికిరాదు" అన్నాడు షాపాయన.

"బాయిల పనికొస్తది. ప్యాచీలెయ్యి" అన్నాడు మా రైతు.

అక్కడ భూమి రాతి భూమి. బండ తగిలేదాకా తవ్విన పెద్ద బావి, ఓ పక్కన రాతి మెట్లు. బోర్లు ఎక్కువైన కాలంలో ఆ బావి ఎండి, అడుగున తుమ్మ మొక్కలు మొలిచాయట. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు చెరువులోకి వచ్చాక ఊటలు మళ్లీ కదిలాయి. ఇప్పుడు ఎండాకాలం మొదట్లో కూడా రెండు నిలువుల నీళ్లుంటాయి. పైన ఓ చింతచెట్టు, పక్కన మోటారు రూము. మార్చి నడిమిలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు పిల్లలు ఇంటికొస్తారు, నాలుగింటికి నా పని మొదలవుతుంది.

ఆ పల్లెలో ఈత నేర్పే పాత పద్ధతి ఒకటుంది. పిల్లవాడు బావి గడ్డ మీద నిలబడి తొంగిచూస్తుంటాడు. వెనక నుంచి మేనమామో చిన్నాయనో దబ్బున తోసేస్తాడు. వాడు నీళ్లు మింగి, కాళ్లూ చేతులూ కొట్టుకుని పైకి తేలితే అందరూ నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లంతా తేలినవాళ్లే. దాన్ని ధైర్యం అనడానికి నాకు మనసొప్పదు. అందులో తోసినవాడు పడిన కష్టం ఏముంది?

మా రైతు నాయిన కూడా ఆయన్ని అలాగే తోశాడట. ఆయన మాత్రం తన పిల్లలతో బావిలో దిగే ముందు అరగంట పని చేస్తాడు. మొదట మోటారు రూములోకి పోయి ఫీజులు పీకి అంగీ జేబులో వేసుకుంటాడు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది కానీ, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టరు చాలా బావుల దగ్గర ఇంకా ఉంది. నీళ్లలో పిల్లలుండగా అది మీట నొక్కుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తర్వాత తానొక్కడే దిగి, మునిగి, అడుగున విరిగిన కొమ్మలూ గాజు పెంకులూ ఏమన్నా పడ్డాయేమో కాళ్లతో వెతుకుతాడు. నైలాన్ తాడు ఒక కొస నాకు, రెండో కొస చింతచెట్టుకు కడతాడు. పిల్లల్ని లెక్కపెడతాడు. ఇద్దరే పిల్లలు, అయినా లెక్కపెడతాడు.

నా సంగతి కూడా చూస్తాడు. నా గాలి నాలుక, అంటే వాల్వు, ఇత్తడిది, ఈత కొట్టే పిల్లల పొట్టలు గీరుకుపోతాయి. దానికి పాత చీర పేలిక చుట్టి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. నలుపు ఒళ్లు కావడంతో నలభై డిగ్రీల ఎండలో పెనంలా కాలిపోతాను, అందుకే ఎప్పుడూ చింత నీడలోనే పడుకోబెడతాడు. ఎండలో లోపలి గాలి ఉబ్బి ప్యాచీలు లేచిపోతాయని బిర్రుగా కొట్టడు. చల్లటి బావిలో దిగగానే ఆ గాలి కాస్త కుంచించుకుపోయి నేను మెత్తబడతాను. పిల్లలు పట్టుకోవడానికి ఆ మెత్తదనమే బాగుంటుంది.

పిల్లల తల్లి పట్నంలో పుట్టిన మనిషి, నీళ్లంటే వణుకు. మూడో మెట్టు దిగదు. వేసవి సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో మునిగి పిల్లలు పోయిన వార్తలు ఆమె ఏటా చదువుతుంది. ఒకరోజు ఫోనులో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూసి భర్తకు గట్టిగా చదివి వినిపించింది. 2021లో లోకమంతా కలిపి సుమారు మూడు లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు, అందులో దాదాపు పావువంతు ఐదేళ్ల లోపు పిల్లలు. ఆయన తల తుడుచుకుంటూ విన్నాడు.

"కిందికి జరుపు. ఏం చెయ్యాల్నో గూడ రాసి ఉంటది" అన్నాడు.

ఉంది. నీళ్లున్న చోట్ల అడ్డుకంచెలు కట్టాలని, ఆరేళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పాలని. ఒకే కాగితం ఇద్దరికీ చెరో సాక్ష్యం చెప్పింది. ఆమె ఓ షరతు పెట్టి ఊరుకుంది: తాను మెట్టు మీద కూర్చుని ఉంటేనే పిల్లలు దిగాలి. బావి చుట్టూ ముళ్లకంప వేయించి తడిక తలుపు కూడా పెట్టించింది.

ఆడపిల్లకు బావిలో ఈతెందుకని పక్క చేను పెద్దమనిషి అన్నప్పుడు జవాబు పిల్లల బాపమ్మ, అంటే మా రైతు తల్లి, చెప్పింది. "నీళ్లకు బాయికాడికి వొయ్యేటోళ్లు ఆడోళ్లే, కాలు జారి పడేటోళ్లు గూడ ఆడోళ్లే. గప్పుడెవ్వలన్న అడిగిన్రా, ఎందుకు పోయినవని?" ఆయన బీడీ ముట్టించుకుని తన చేను వైపు పోయాడు.

పెద్దపిల్లకు పదకొండేళ్లు. ముందు నా మీద బోర్లా పడుకుని కాళ్లు కొట్టడం నేర్చుకుంది. తర్వాత నన్ను రెండు చేతులా పట్టుకుని ఒళ్లు నీళ్లలో చాపడం. ఆపైన నడుముకు వాళ్లమ్మ నూలుచీర కట్టి, కొస నాయిన పట్టుకుని, నన్ను బారెడు దూరం నెట్టి "అందుకో" అనేవాడు. ఈ మధ్యలో ఆయన చేసిన పని ఒకటుంది, మెట్టు మీది తల్లి కూడా గమనించలేదు, నాకు మాత్రం తెలుసు. నాలుగైదు రోజులకోసారి నాలుకను నొక్కి నాలో కాస్త గాలి తీసేసేవాడు. వెనకటికి ఎండు సొరకాయ బుర్రలు, బెండ్లు నడుముకు కట్టి నేర్పేవాళ్లు ఒక్కో బెండు తగ్గించుకుంటూ వచ్చేవాళ్లట. నాకు బెండ్లు లేవు, ఉన్నది గాలే. నేను మెత్తబడుతున్న కొద్దీ పిల్ల బరువు నా మీద నుంచి నీళ్ల మీదికి మారింది.

ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. ఆయన చెప్పకుండా ఎప్పుడూ వదల్లేదు.

"నాయినా, ఇడిసిపెట్టకు!"

"ఇడుస్తున్న బిడ్డా. ఇగో, ఇడిసిన. కాళ్లు కొట్టు."

ఆమె తిట్టింది, ఏడ్చింది, కొట్టింది కాళ్లు. ఉగాది దాటిన కొన్నాళ్లకు ఈ దరి నుంచి ఆ దరికి నన్ను ముట్టకుండా పోయింది. ఏప్రిల్ చివర బడులు మూసేనాటికి మునుగీత, ఎల్లెలకల ఈత కూడా వచ్చేశాయి. మోటారు రూము గోడ మీంచి దుంకుతానని పేచీ. దానికి నాయిన ఒప్పుకోలేదు. మెట్ల మీంచి సరే, గోడ మీంచి కాదు. ఎందుకని అడిగితే "గోడ కింద బండ ఉన్నది" అన్నాడు. ఎవరూ దానికి ఎదురు చెప్పలేదు.

ఎనిమిదేళ్ల చిన్నోడు ఆ ఏడు ఈత నేర్చుకోలేదు. నా నడిమి గుంతలో కూర్చుని, కాళ్లు బయటికి వేసి, రాజాలా తిరగడమే వాడి ఈత. ఎవరూ బలవంతపెట్టలేదు. వాడి సాహసాలు ఒడ్డు మీదే. తాటిముంజలు దిగే కాలం కదా, లేత కాయల తలలు నాయిన చెక్కి ఇస్తే బొటనవేలు గుచ్చి, మూతి ఆనించి, నీళ్లు గడ్డం మీదుగా నా మీద కారేలా తినేవాడు. తిన్న బుర్రలు రెంటికి పుల్ల గుచ్చి బండి చేసి, కొస చీలిన పొడుగు కర్రతో ఒడ్డంతా తోలేవాడు. పుచ్చకాయను వలసంచిలో కట్టి బావిలో వేలాడదీసే పని కూడా వాడిదే. పొద్దుగూకే వేళ తీస్తే ఫ్రిజ్జులోని దానికన్నా రుచి అని ఇంటిల్లిపాదీ అంటారు. నాకు నోరు లేదు కనక సాక్ష్యం చెప్పలేను.

మామిడికాయల దగ్గర మాత్రం కథ తిరగబడింది. తల్లి చేనుకాడికి సద్దితో పాటు కత్తిపీట కూడా తెచ్చేది. జొన్న గట్క, చల్ల, ఉల్లిగడ్డ, గిన్నెలో పచ్చిపులుసు. పుల్లమామిడి ముక్కలు ఉప్పూ కారం అద్దుకోవడానికి. ఓ రోజు చిన్నోడు కాయ నేను కోస్తానన్నాడు. ఆమె లేచి వాణ్ని పీట మీద కూర్చోబెట్టింది. కాలితో పీట ఎట్లా తొక్కి పట్టాలో, వేళ్లు ఎక్కడుండాలో, కత్తి మీదికి కాయ పోవాలి గాని చెయ్యి పోకూడదని చూపించి, చేతులు ఒడిలో పెట్టుకుని పక్కన కూర్చుంది. బావిలో ఉన్న రైతు ముఖం నేను చూశాను. రెండు నిలువుల నీళ్లలో బిడ్డను వదిలిన మనిషి కత్తిపీట వైపు చూడలేక తల అటు తిప్పుకున్నాడు. "వాని చెయ్యి, వాని చెయ్యి" అని నా మీద గోళ్లు దించుతున్నాడు.

"నువ్వు నీళ్ల సంగతి జూస్కో. కత్తి సంగతి నేను జూస్త" అందామె.

వాడికి వేలు కాస్త చిట్లింది కూడా. పసుపు అద్దింది, మిగిలిన కాయ వాడితోనే కోయించింది. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం. అందరూ తిన్నారు. పిల్లల విషయంలో ఫలానా వాళ్లు ధైర్యవంతులు, ఫలానా వాళ్లు పిరికివాళ్లు అని ఆ ఊళ్లో అనుకునే మాటలు అప్పటినుంచి నాకు పెద్దగా రుచించవు. ఈ ఇంట్లో భయాలు పంచుకున్నారు, ఒకరు భయపడే చోట మరొకరు నిలబడ్డారు.

ఇంటికి పోయే దారిలో రోడ్డు మలుపు దగ్గర ఐసు బండి హారను వినబడుతుంది. పాలైసు, సేమ్యా ఐసు. తడి బట్టలతో, నన్ను ఇద్దరూ చెరో పక్క ఎత్తుకుని పరుగెత్తేవాళ్లు. ఐసు కారి నా మీద పడి జిగటగా ఎండేది, చీమలు పట్టేవి. దీని గురించి నేనెవరికీ ఫిర్యాదు చేయలేదు.

మే నెల మొదటి వారంలో ఓ సాయంత్రం తల్లి మూడో మెట్టు దిగి నాలుగో మెట్టు మీద నిలబడింది. పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకు బిగించి ఉంది. అందరూ నోళ్లు తెరిచారు. పెద్దపిల్లే ముందు తేరుకుంది. మోటారు రూములోకి పోయి నాయిన ఫీజులు పీకాడో లేదో చూసుకుని, అవి ఆయన జేబులోంచి తీసి తన దగ్గర పెట్టుకుంది. తాడు ముడి లాగి చూసింది. పంపు తెచ్చి నా నాలుకకు తగిలించింది.

"నిండ కొట్టుండ్రి గాలి. సగం సగం నాకొద్దు" అంది తల్లి.

"నిండనే కొడ్త అమ్మా. తాడు నేనే పట్టుకుంట. ఇడిసేటప్పుడు ఇడుస్తున్న అని చెప్పే ఇడుస్త."

"ఇడిసి జూడు. రేపటి సంది పచ్చిపులుసు బంద్."