తుపాకీకి ఎన్ని పొలిమేరలు!

మా రోజుల్లో ఊళ్లో తుపాకీ ఎవరింట్లో ఉందో పాలుతాగే పిల్లోడికి కూడా తెలుసు, నాయనా. మా నాయనది గొట్టంలోకి మందు కూరి గజంతో దట్టించే పాత తుపాకీ. పంట కాపలాకని లైసెన్సు ఇచ్చినారు. రాత్రిపూట చెనిక్కాయ చేన్లోకి పందులు దిగితే గాల్లోకి ఒకటి పేల్చేవాడు. తెల్లారేసరికి ఊరంతా అడిగేది, "ఏమబ్బా, రాత్రి పేలింది నీదేనా, ఎన్ని పందులొచ్చినాయి?" అని. లెక్క అప్పజెప్పడమంటే అదీ.

ఆ తుపాకీ తిరుత్తణి బస్సు కూడా ఎక్కేది. మా పెద్దమ్మోళ్ల చెరుకుతోట అక్కడే. తిరుత్తణి అప్పుడు చిత్తూరు జిల్లాలోదే, మీకు ఆ సంగతే తెలీదు. 1960 ఏప్రిల్ 1న అది మద్రాసు రాష్ట్రానికి పోయింది, మా తుపాకీ మా ఊరు పుత్తూరులోనే ఆగిపోయింది. కాగితంలో రాసిన ఎల్ల దాటితే మంచి తుపాకీ కూడా దొంగ తుపాకీ కిందే లెక్క. పక్క రాష్ట్రం పేరు చేర్పించుకోవాలంటే రాష్ట్ర ప్రభుత్వం దాకా పోవాల. దేశమంతా చెల్లే లైసెన్సు ఎంపీలకూ మిలిటరీవాళ్లకూ గానీ చెనిక్కాయ రైతుకెవరిస్తారు?

సరే, రాష్ట్రాలు వేరైనాయి. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లానే మూడు ముక్కలు చేసినారే! పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, నగరి చిత్తూరులో మిగిలింది. నా ఇల్లు పుత్తూరులో, చేను నగరి పక్కన. లైసెన్సు కాగితాల కోసం ఒక ఆఫీసుకు పోతే రెండోదానికి పొమ్మన్నారు, అక్కడికి పోతే మళ్లీ మొదటిదానికే పొమ్మన్నారు.

అమెరికాలో ఉండే మనవడు అక్కడా ఇదే గోల అన్నాడు. టెక్సాస్ లైసెన్సును కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయంట, కాలిఫోర్నియా ఒప్పుకోదంట. అయితే అక్కడ చొక్కా కింద పిస్తోలు దోపుకుని అంగడికి పోతారంట. 2021 నుంచి టెక్సాస్‌లో దానికి పర్మిట్ కూడా అక్కర్లేదంట. వినేసరికి గుండె ఝల్లుమనింది. పక్కనోడి నడుముకు ఏముందో తెలీకుండా కూరగాయలెట్ల బేరం చేస్తారు?

మా కాలమంతా బంగారమని చెప్పడంలా. మందు కూరేటప్పుడు వేళ్లు పోగొట్టుకున్నోళ్లుండారు. ఇప్పుడంతా చెడ్డదనీ కాదు. 2019లో మూడేండ్ల లైసెన్సును అయిదేండ్లు చేసినారు, మనిషికి మూడు తుపాకులు ఉండేచోట రెండు చాలన్నారు. అవి మంచి పనులే. కానీ ప్రతి లైసెన్సుకూ కంప్యూటర్లో ఒక నంబరిచ్చి, ఢిల్లీలో కూర్చున్నోళ్లకు తెలిసేట్టు చేసినారే గానీ, పక్కింటోడికి తెలిసే దారి ఏదీ? నా కడుపుమంటంతా దానికే. అదిగాక ఎన్నికలొస్తే తుపాకీని పోలీసు స్టేషన్లో పెట్టమంటారు. 2024లో మామిడి కాపు మీదుండగానే ఎన్నికలొచ్చె. అప్పుడు తోటకు కాపలా ఎవరు?

పంట కాపలా తుపాకీకైనా ఇంటికీ చేనికీ కలిపి ఒకే కాగితం ఇయ్యండి. ఏడాదికొకసారి గ్రామసభలో తుపాకులున్నోళ్ల పేర్లు గట్టిగా చదివించండి. మొదట నా పేరే చదవండి.