‘పాత రింగే’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో పద్యాలకి టీకా తాత్పర్యాలు చెప్పి రిటైరైనవాణ్ణి. చేతికి పద్యం దొరక్కపోతే కరెంటు బిల్లు వెనక అచ్చేసిన షరతులకైనా ప్రతిపదార్థం చెప్పుకునే జబ్బు ఆ ఉద్యోగం పుణ్యమే. అటువంటివాడి పాత కారుకి, వెనక సైలెన్సర్ని మోసే రబ్బరు ఒకటి తెగింది. సైలెన్సర్ ఓ పక్కకి ఒరిగి, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా భూదేవికి మొక్కడం మొదలుపెట్టింది. బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. దింపారు, తుప్పు తిన్నచోట వెల్డింగు పెట్టారు, కొత్త రబ్బర్లు తగిలించారు, పొద్దుగూకేలోపు మళ్లీ ఎక్కించారు. తాళాలు చేతిలో పెడుతూ మేస్త్రి ఒక వాక్యం చెప్పాడు. బండి స్టార్ట్ చేసి షెడ్డు దాటానో లేదో, ఆ వాక్యం పైకి కనిపించేంత సులభం కాదని, వ్యాఖ్యానం లేకుండా లొంగేది కాదని తెలిసిపోయింది.

మూలం

“సైలెన్సర్ ఎక్కించేశాం మాస్టారూ. పాత రింగే, ఏం పర్లేదు, కాస్త మోత ఉంటది, తిరిగితే అదే సెట్టయిపోద్ది.”

మెదక్ సీమలోని కొలిచెలమ ఊరివాడైన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని వ్యాఖ్యానాలు రాశాడు. మొదటి ఒట్టు నేనూ పెట్టుకుంటున్నాను. రెండోది బడిపంతుళ్లకి కుదిరే వ్యవహారం కాదు. భారవి కావ్యానికి ఆయన రాసిన వ్యాఖ్యకి ‘ఘంటాపథం’ అని పేరు. ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గమని అర్థం. ఆ సాయంత్రం నేను బందరు రోడ్డు మీదుగా ఇంటికొచ్చిన తీరుకి ఆ పేరు చక్కగా సరిపోతుంది గానీ, పెద్దల సొత్తు కాబట్టి ముట్టుకోను. నా వ్యాఖ్యకి ‘ధూమసంజీవని’ అని పేరు పెట్టుకున్నాను.

టీక

సైలెన్సర్ = నోరు మూయించునది. ఇంగ్లండువాళ్ల మాట మనకి దక్కింది. అమెరికావాళ్లు దీన్నే మఫ్లర్ అంటారు. మనకి మఫ్లర్ అంటే చలికాలం మెడకి చుట్టుకునేది. 1897లో అమెరికాలో రీవ్స్ సోదరులు ఇంజన్ పొగగొట్టానికి ఇలాంటి పరికరం చేసి పేటెంటు తీసుకున్నారు. 1909లో తుపాకీకి సైలెన్సర్ పేటెంటు చేసిన హైరమ్ పెర్సీ మాక్సిమ్, మెషిన్‌గన్ కనిపెట్టిన మాక్సిమ్ గారి కొడుకే. తండ్రి చేసిన చప్పుడుకి కొడుకు ప్రాయశ్చిత్తం చేసుకున్నాడని నా అభిప్రాయం. మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది దీని గురించే. ప్రతి బండికీ సైలెన్సర్ ఉండి తీరాలంటుంది.

దీని లోపల గదులు, చిల్లుల గొట్టాలు ఉంటాయి. ఇంజన్ విడిచిన వేడి పొగ ఇరుకు పైపులోంచి విశాలమైన గదిలోకి వచ్చి నెమ్మదిస్తుంది. గోడలకి తగిలి వెనక్కి మళ్లిన ధ్వని తరంగాలు, ఎదురొచ్చే తరంగాలని కొంతవరకు కొట్టేస్తాయి. అంటే చప్పుడు చావాలంటే ముందు ఈ గదిలోకి రావాలి. గదికి చేరకుండా దారిలోనే సందు చూసుకుని బయటపడ్డ చప్పుడుని ఎంత మంచి సైలెన్సరూ ఏమీ చెయ్యలేదు. సైలెన్సర్ బాగానే ఉండి కూడా కారు మోగడానికి కారణం ఇదే. మా పక్కింటాయన కొత్త సైలెన్సర్ కొనమని సలహా ఇచ్చినప్పుడు ఈ పేరా మొత్తం ఆయనకి చదివి వినిపించాను. అప్పటినుంచి సలహాలు ఇవ్వడం లేదు.

ఎక్కించేశాం = ‘ఎక్కించాం’ అంటే సరిపోయేదానికి ‘వేయు’ అనే సహాయక్రియ వచ్చి చేరింది. పని పూర్తయిందన్న అర్థమూ, పీడ వదిలిందన్న అర్థమూ రెండూ ఇందులో ఉన్నాయి. తినేశాం, రాసేశాం, ఎక్కించేశాం. సరైన పద్ధతిలో ఎక్కించడం వేరు. ముందు సైలెన్సర్ని రబ్బర్లకి తగిలించి వేలాడదీయాలి. బోల్టులన్నీ వేళ్లతో తిప్పినంతే బిగించి, పైపు ఎక్కడా ఛాసిస్‌కి, ట్యాంకుకి ఆనకుండా సర్దాలి. ఆ తర్వాతే ఇంజన్ వైపు నుంచి వెనక్కి వస్తూ, ఒక బోల్టు కాస్త, ఎదుటి బోల్టు కాస్త బిగించాలి. ఒక బోల్టుని ఒకేసారి ముడేస్తే జాయింటు ఒక పక్క మూసుకుని రెండో పక్క నోరు తెరుస్తుంది. మా షెడ్డులో కుర్రాడు బరువు మొయ్యలేక వెనక నుంచి మొదలెట్టాడు. నేను చూశాను, టీ తాగుతూ ఊరుకున్నాను. ‘శాం’ అన్న బహువచనంలో నేనూ ఉన్నానేమోనని ఇప్పుడనిపిస్తోంది.

మాస్టారూ = సంబోధన. చివర దీర్ఘాన్ని గమనించాలి. బిల్లు చెప్పేటప్పుడు ఈ దీర్ఘం ఉండదు.

పాత రింగే = మొత్తం వాక్యానికి ప్రాణం ఇక్కడుంది. ముందు పైపూ వెనక సైలెన్సర్ పైపూ కలిసే చోట గారెలాంటి రింగు ఒకటి ఉంటుంది. గాస్కెట్ అన్నా అదే. గ్రాఫైటు, సన్నటి తీగ కలిపి నొక్కి చేసింది. బిగించినప్పుడు అది నలిగి, రెండు పైపుల అంచుల గీతల్లోకీ గుంతల్లోకీ దూరి సందు మూస్తుంది. ఒకసారి నలిగాక మళ్లీ ఉబ్బదు. దింపి ఎక్కించేసరికి అంచులు వెంట్రుకవాసి అటో ఇటో తిరుగుతాయి. పాత అచ్చు కొత్త చోట కూర్చోదు. ఎంగిలి విస్తట్లో రెండో బంతి వడ్డించరు. అందువల్ల దింపినప్పుడల్లా రింగు కొత్తది వెయ్యాలి. ఆ జాయింటు బోల్టులకి స్ప్రింగులుండటమూ ఊరికే కాదు. ఇంజన్ ఊగినప్పుడల్లా పైపు కాస్త ఆడాలి, ఆడుతూనే రింగు మీద ఒత్తిడి తగ్గకూడదు.

ఇక ‘రింగే’ అన్నచోట ‘ఏ’ అవధారణార్థకం. పాతదే, కొత్తది కాదు అని వక్త తనంతట తాను ఒప్పుకున్నాడు. సాక్షిని ప్రశ్నించే పనే లేకపోయింది.

ఏం పర్లేదు = పర్వా లేదు. పారసీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. ఈ ఒక్క పదం దగ్గర వ్యాఖ్యాత నవ్వడం మానెయ్యాలి. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. ఇక్కడ వ్యవహారం తిరగబడింది: నిప్పుందని తెలుసు, పొగే కనిపించదు. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని పట్టుకునే దానికంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, మగత, ఆ తర్వాత మెలకువ రాని నిద్ర. కారు కింద లీకుంటే, అడుగున తుప్పు చిల్లుల్లోంచో డిక్కీ రబ్బరు సందులోంచో అది లోపలికి రావచ్చు. వెనక సీట్లో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మా ఆవిడ “ఏమండీ, ఏదో కాలిన వాసనొస్తోంది” అంది. ఆ వాసన పొగలోని మిగతావాటిది. అవి కూడా లేకపోయుంటే మాకు తెలిసేదే కాదు. ఆ నిమిషం నుంచి లీకు బాగయ్యేదాకా కారు తియ్యలేదు. మూసిన షెడ్డులో ఇంజన్ ఆన్‌లో పెట్టి చూడటమైతే ఎన్నడూ చెయ్యకూడదు.

కాస్త మోత = ‘కాస్త’ అన్నది అలంకారం; అతిశయోక్తిని బోర్లిస్తే వచ్చేది. మాది నాలుగు సిలిండర్ల బండి. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతుందనుకోండి. రెండు చుట్లకి నాలుగు సిలిండర్లూ తలా ఒకసారి పొగ వదుల్తాయి. నిమిషానికి 1600 సార్లు, సెకనుకి దాదాపు 27. అన్నిసార్లూ ఆ సందులోంచి ‘ఫట్’ మంటే వినేవాడికది ‘కాస్త’ కాదు. పొద్దున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మోత ఎక్కువ; లోహం వేడెక్కి సాగితే సందు కొంత మూసుకుని తగ్గుతుంది. అందుకే షెడ్డుకి వెళ్లేసరికి కారు బుద్ధిమంతురాలైపోతుంది, మనం అబద్ధాలకోరులమవుతాం.

పాఠాంతరం: మా ఆవిడ చెవికి ‘కాస్త మేత ఉంటది’ అని పడిందట. ఖర్చు లెక్క చూస్తే ఈ పాఠాన్నీ తోసిపుచ్చలేం.

తిరిగితే = శ్లేష. రోడ్ల మీద తిరిగితే అని ఒకర్థం. తిరిగి నా దగ్గరికొస్తే అని రెండోది. మేస్త్రి ఉద్దేశించింది మొదటిది, జరిగింది రెండోది.

అదే సెట్టయిపోద్ది = ‘సెట్’ అన్న మాటకి ఇంగ్లీషు నిఘంటువుల్లో పేజీలకొద్దీ అర్థాలున్నాయి. వాటిలో ఏదీ ఇక్కడ పొసగలేదు. ‘అదే’ అన్న సర్వనామం ఎవర్ని సూచిస్తోంది? మసి పట్టి సందు దానంతటదే పూడుకుంటుందని పూర్వపక్షం. అది నిలవదు. సెకనుకి ఇరవై ఏడు సార్లు వేడి పొగ తోసుకొచ్చే చోట మసి గారలా నిలబడదు. పైగా ఆ వేడికి రింగు అంచు కాలి, సందు రోజురోజుకీ పెరుగుతుంది. మసి చేసే ఉపకారం ఒక్కటే: లీకున్న చోట నల్లగా గీత పెట్టి చూపిస్తుంది.

శంకా సమాధానాలు

శంక: సైలెన్సర్ అడుగు నుంచి నీళ్ల చుక్కలు పడుతున్నాయి కదా, లీకు అక్కడ కాదా?

సమాధానం: కాదు. ఈ శంక నాదే, మొదటి రోజుది. అక్కడున్న చిన్న చిల్లుని ఎం-సీల్‌తో మూసి, ఘనకార్యం చేశాననుకున్నాను కూడా. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి. చాలావరకు ఆవిరిగా పోతాయి. ఇంజన్ సరిగా వేడెక్కకుండా కూరగాయల బజారుదాకా వెళ్లొచ్చే నాలాంటి వాళ్ల సైలెన్సర్లో చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తాయి. ఆ నీళ్లు పోవడానికే కొన్ని సైలెన్సర్లకి అడుగున చిల్లు పెడతారు. పట్టించిన ఎం-సీల్‌ని మేకుతో గీకి తియ్యడానికి ఒక మధ్యాహ్నం పట్టింది.

శంక: లీకుంటే మైలేజీ పడిపోదా?

సమాధానం: చోటుని బట్టి. ఇంజన్ దగ్గర ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే, పొగ తోపుకీ తోపుకీ మధ్య బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. గాలి ఎక్కువైందని సెన్సర్ నమ్మి పెట్రోలు పెంచమంటుంది. నా లీకు సెన్సర్ దాటి చాలా వెనకుంది కాబట్టి మైలేజీ చెక్కు చెదరలేదు, పరువు మాత్రం పోయింది.

ప్రమాణం

వినికిడి, వాసన చాలవు, కళ్లతో చూడాలి. ముందు అగరొత్తి వెలిగించి దాని పొగ ఎక్కడ చెదురుతుందో చూద్దామని కారు పక్కన చతికిలబడ్డాను. పెట్రోలు ట్యాంకుకి జానెడు దూరంలో నిప్పేమిటని మా ఆవిడ అగరొత్తి లాగేసుకుని, పొద్దున తలంటుకి తీసిన కుంకుడు రసం గిన్నె చేతిలో పెట్టింది. ఈ వ్యాఖ్యలో శాస్త్రీయమైన భాగం ఏదైనా ఉంటే అది ఆమెదే. ఇంజన్ పూర్తిగా చల్లారాక, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి కారు తోక పైపులో పెట్టి, చుట్టూ గుడ్డ కుక్కాం. జాయింట్ల మీద కుంకుడు నురగ కుంచెతో రాశాం. వెల్డింగు మీద ఒక్క బుడగ లేదు. రింగు దగ్గర మాత్రం, కుడి పక్క పైభాగాన, చిన్నపిల్లలు ఊదినట్టు బుడగలే బుడగలు.

అన్వయం

ఇప్పుడు మూలాన్ని మళ్లీ చదవండి. ‘పాత రింగే’ అన్నది కారణం. ‘కాస్త మోత ఉంటది’ అన్నది దాని కార్యం. ఈ రెంటికీ నడుమ ‘ఏం పర్లేదు’ అన్న రెండు మాటలు జొరబడి సంబంధం తెంపేశాయి. పాఠాల్లో దీన్ని దూరాన్వయం అనే దోషంగా చెప్పేవాణ్ణి. మాటల్ని వాటి చోట్లలో పెడితే: ‘పాత రింగే (వేయుటచేత) మోత ఉంటది.’ మేస్త్రి అబద్ధమాడలేదు. రోగమూ చెప్పాడు, నిదానమూ చెప్పాడు, వరస మాత్రమే మార్చాడు. మర్నాడు ఆటోలో వెళ్లి ఈ సంగతే విన్నవించుకుంటే, ఆయన చాలాసేపు నా మొహంలోకి చూసి, “మాస్టారూ, కొత్త రింగెయ్యమంటారా?” అన్నాడు. కుర్రాణ్ణి తోడిచ్చి బండి తెప్పించుకున్నాడు. అద్దాలన్నీ దించి వాడొక్కడే తోలుకెళ్లాడు.

అక్కడ ఒక చిన్న పూర్వపక్షం లేచింది. రింగు వద్దు, సైలెన్సర్ పేస్టు పూస్తే పోతుందన్నాడు కుర్రాడు. ఒక పైపులో ఇంకొకటి దూరి, పైన క్లాంపు పడే జాయింటుకి ఆ పేస్టు మంచిదే. వేడికి గట్టిపడి సందు పూడుస్తుంది. స్ప్రింగుల మీద ఆడే జాయింటులో గట్టిపడినదేదైనా పగులుతుంది. మేస్త్రే కుర్రాణ్ణి కసిరాడు, నాకు శ్రమ తప్పింది.

గుంట మీద బండి పెట్టారు. తుప్పు బోల్టులకి నూనె పట్టించి నానబెట్టారు. పాత రింగు ముక్కలు గీకి, రెండు అంచులూ తీగ బ్రష్షుతో మెరిసేలా తోమారు. రబ్బర్లు ఎక్కడానికి నూనె రాయబోతే ఆపి, సబ్బు నీళ్లు చాలన్నాను. నూనెకి రబ్బరు పాడవుతుంది. ముందు వేలాడదీసి, తర్వాత అటో చుట్టు ఇటో చుట్టు బిగించారు. రింగు ధర కిలో చింతపండుకి అటూ ఇటూ. స్టార్ట్ చేస్తే ఫ్యాను తిరిగినంత చప్పుడు కూడా లేదు. బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటేదాకా ఆ నిశ్శబ్దాన్ని అనుభవిస్తూ వచ్చాను. అక్కడ ఒక గుంతలో పడగానే, ఇన్నాళ్లూ సైలెన్సర్ మోతలో కలిసిపోయి వినపడని ఎడమ వెనక తలుపు, ‘కిర్రు’మంది.

ఇది ఆటోనగర పథిక, కుంకుడురస పరీక్షిత, ఎంసీల్ దోష ప్రక్షాళిత, నూతన రింగు సంధాన సంతుష్ట హృదయుండైన ఒక రిటైర్డు తెలుగు మేష్టారిచే రచింపబడిన ధూమసంజీవనీ వ్యాఖ్యయందు సైలెన్సర్ ప్రకరణము సమాప్తము. తలుపు ప్రకరణము ప్రారంభము.