లంచ్ మోషన్, డిన్నర్ పరారీ

దిల్‌సుఖ్‌నగర్ నుంచి గడ్డిఅన్నారం చౌరస్తా దాకా నడిస్తే స్తంభానికో ఫ్లెక్సీ. నెలలో ఇంగ్లీషు, రాకపోతే ఫీజు వాపసు. పాపం, ఆ ఫ్లెక్సీల వాళ్లు ఇంకా ‘మై నేమ్ ఈజ్’ దగ్గరే ఉన్నారు. ఆ పక్కనే చాయ్ హోటల్ గోడకున్న టీవీ మాత్రం పైసా ఫీజు లేకుండా జనాన్ని హైకోర్టు స్థాయికి చేర్చేసింది. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయనకు ‘హౌ ఆర్ యూ’ అంటే జవాబు చెప్పడం రాదు. యాంటిసిపేటరీ బెయిల్‌కీ రెగ్యులర్ బెయిల్‌కీ తేడా అడగండి, పెట్టె పక్కకు పెట్టి మరీ చెప్తాడు.

"పట్టుకపోకముందు అడిగేది యాంటిసిపేటరీ సార్. పట్టుకపోయినంక అడిగేది రెగ్యులర్. మా అసుంటోళ్లకు రెండూ దొరకయి, అది వేరే ముచ్చట."

ఈ ఇంగ్లీషుకు వాచకం లేదు. పెద్దమనిషికో పాఠం, అంతే. 2009 జనవరిలో సత్యం రామలింగరాజు గారు లెక్కలు తప్పని ఉత్తరం రాశాక జ్యుడీషియల్ కస్టడీ నేర్చుకున్నాం. 2012 మేలో జగన్ గారు చంచల్‌గూడ జైలుకు వెళ్లి 16 నెలలున్నారు. ఆ పుణ్యమా అని ఇంగ్లీషే రాని మనకు ‘క్విడ్ ప్రో కో’ అని లాటిన్ కూడా వచ్చేసింది. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు గారిని నంద్యాలలో అరెస్టు చేశారు. రాజమండ్రి జైలు నుంచి ఆయన అక్టోబరు 31న బయటికొచ్చేలోపు క్వాష్ పిటిషన్, సెక్షన్ 17ఏ, మధ్యంతర బెయిల్ ఇంటింటికీ చేరాయి. ఆ 17ఏ మీద సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలకే ఏకాభిప్రాయం కుదరలేదు గానీ మా చాయ్ హోటల్లో ఎవరికీ అనుమానం లేదు. ఏ పార్టీవాడు ఆ పార్టీ అర్థం చెప్పుకున్నాడు. 2024లో కవిత గారు తీహార్‌లో ఉన్న నెలల్లో అప్రూవర్ అంటే ఏమిటో ముసలాళ్లకూ తెలిసింది. కేసుల్లో నిజానిజాలు కోర్టులు చూసుకుంటాయి. నా లెక్క పదసంపద వరకే.

అన్నింట్లోకీ జనానికి బాగా నచ్చిన పాఠం లంచ్ మోషన్. 2024 డిసెంబరు 13న అల్లు అర్జున్ గారిని అరెస్టు చేసి నాంపల్లి కోర్టుకు తీసుకెళ్లారు. 14 రోజుల రిమాండ్ అని ఒక చానల్, హైకోర్టులో లంచ్ మోషన్ అని ఇంకో చానల్. చాయ్ పోసే పిల్లవాడు నిజంగానే కంగారు పడ్డాడు. "అయ్యో, అన్నకు తిన్నది పడలేదా?" అని. అదేం కాదు నాయనా, పొద్దున అత్యవసరమని చెప్పుకుంటే మధ్యాహ్న భోజనం అయ్యాక జడ్జి గారు వింటారు, సెలవు రోజైతే ఇంటి దగ్గరే వింటారు, దాన్ని హౌస్ మోషన్ అంటారు అని పక్కనున్న ఆటో అన్న వివరించాడు. సాయంత్రానికి మధ్యంతర బెయిల్ వచ్చింది. కాగితాలు సరిగా అందలేదని రాత్రంతా చంచల్‌గూడలోనే ఉంచి తెల్లవారాక వదిలారు. ఆ ఒక్క రాత్రికి ఎన్ని కెమెరాలో! ఏళ్ల తరబడి లోపలున్నవాళ్లంతా కలిసినా అన్ని కెమెరాలను రప్పించలేకపోయారు.

పైగా చంచల్‌గూడ మాకు దూరమేం కాదు. సైదాబాద్ దాటితే వచ్చేస్తుంది. జైళ్ల శాఖ నడిపే బంకులోనే బండికి పెట్రోలు పోయించుకుంటాం, కొలత కరెక్టని పొగుడుకుంటాం కూడా.

ఇంత కష్టపడి నేర్చుకున్నాక 2024 జూలై 1న ప్రభుత్వం సిలబస్ మార్చేసింది. తాతల కాలం నుంచి మోసగాడిని ‘ఫోర్ ట్వంటీ’ అని తిట్టుకుంటున్నాం, ఇప్పుడు 318 అనాలట. తిట్టులో పసే లేదు. 302 పోయి 103 వచ్చింది. 41ఏ నోటీసు 35(3) అయింది. అన్నిటికన్నా చిత్రం 482. పాత చట్టంలో ఆ సెక్షన్ కింద కేసు కొట్టేయమని అడిగేవారు. కొత్త చట్టంలో అదే అంకె కింద ముందస్తు బెయిల్ అడగాలి. ఎస్సై పరీక్షకు చదువుతూ హాస్టల్ గదుల్లో మగ్గుతున్న పిల్లలు ఈ అంకెలను తలకిందులుగా బట్టీ కొడుతున్నారు. రేపు వాళ్లు స్టేషన్‌కు వెళ్లేసరికి ఇంకెన్ని మారతాయో.

పారిపోవడం దగ్గరికొచ్చేసరికి ఈ భాషలో రెండు మీడియాలున్నాయి. లేనివాడు పోతే ‘పరారీ’. ఉన్నవాడు పోతే ‘విదేశీ పర్యటన’. మధ్యలో లుకౌట్ సర్క్యులర్ అని ఒకటుంది. విజయ్ మాల్యా మీద 2015లో సీబీఐ ఇచ్చిన సర్క్యులర్‌లో మొదట ‘కనిపిస్తే ఆపండి’ అని ఉంది. నెల తిరిగేసరికి అది ‘కనిపిస్తే చెప్పండి’గా మారింది. ఆయన 2016 మార్చి 2న నిక్షేపంగా విమానమెక్కారు. మన ఫోన్ ట్యాపింగ్ కేసులో అప్పట్లో అమెరికాలో ఉన్న మాజీ పోలీసు పెద్ద కోసం చానళ్లు నెలల తరబడి రెడ్ కార్నర్ రెడ్ కార్నర్ అని ఊదరగొట్టాయి. ఇంటర్‌పోల్ వాళ్ల కాగితంలో కార్నరే ఉండదు, దాని పేరు రెడ్ నోటీస్. పైగా అది వారంట్ కాదు, ఫలానా వాడిని వెతికి తాత్కాలికంగా పట్టి ఉంచండని దేశాలకు పంపే విన్నపం. కానీ ‘విన్నపం’ అని ఎర్రక్షరాల్లో స్క్రోలింగ్ వేస్తే ఎవరు చూస్తారు?

లేనివాడి మీడియం వేరు. 2025 సెప్టెంబరులో విజయవాడ కోర్టు నుంచి రాజమండ్రి జైలుకు తీసుకెళ్తున్న ఒక ఖైదీ, రాత్రి దుద్దుకూరు దగ్గర భోజనానికి బండి ఆపితే అక్కడి నుంచే మాయమయ్యాడు. పెద్దవాళ్లకు లంచ్ మోషన్ ఉన్నట్టు ఇతగాడు తనకు తానే డిన్నర్ మోషన్ మంజూరు చేసుకున్నాడన్నమాట. వెంటనే స్పెషల్ టీములు, సీసీ ఫుటేజీ, మ్యాన్‌హంట్.

మా ఊళ్లో ఇలాంటి వేట కొత్తదేం కాదు. 1857 జూలైలో కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్‌కు అండమాన్ శిక్ష వేశారు. 1859 జనవరిలో ఆయన నిర్బంధం నుంచి తప్పించుకున్నాడు. తలకు 5,000 రూపాయల వెల కట్టారు. డ్రోన్లు లేవు, టవర్ డంపులు లేవు, వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. ‘నువ్వేమన్న పెద్ద తుర్రంఖాన్‌వా’ అనే మాట ఆయన పేరు మీదే వచ్చిందంటారు. ఆ రోజుల్లో చానళ్లుంటే ‘తూప్రాన్‌లో ఏం జరిగింది?’ అని ఆ వారమంతా చర్చ పెట్టి, మధ్యలో తలనొప్పి మాత్రల ప్రకటన వేసేవి.

ఇన్ని నేర్పిన టీవీ కొన్ని పాఠాలు మాత్రం వదిలేసింది. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్లలో 4,34,302 మంది అండర్ ట్రయల్స్, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. అంతకుముందెప్పుడూ ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగానే గడిపేస్తే బాండు మీద వదలాలని కొత్త చట్టంలో 479వ సెక్షన్ ఉంది. మరణశిక్షో యావజ్జీవమో పడే కేసులకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ అది వర్తించదు. దాని మీద చర్చ పెట్టిన యాంకర్‌ను నేనింతవరకు చూడలేదు. బెయిల్ వచ్చీ పూచీకత్తు లేక లోపలే ఉండిపోయేవాళ్ల గురించి 2023 జనవరిలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. నెలలోపు పూచీకత్తు కట్టలేకపోతే షరతులు సడలించే సంగతి కోర్టు ఆలోచించవచ్చంది. అదీ స్క్రోలింగ్‌కు ఎక్కలేదు. అందులో హీరో లేడు కదా.

ఆ పాఠం చెప్పేది ఎల్‌బీ నగర్‌లో, రంగారెడ్డి జిల్లా కోర్టు గేటు బయటున్న జిరాక్స్ షాపుల దగ్గర. ఎస్కార్టు వ్యాను వస్తే జనం జాలీ కిటికీల కిందికి ఉరుకుతారు. లోపలి నుంచి నాలుగు వేళ్లు బయటికొస్తాయి, ఎవరి వేళ్లో ఇంటివాళ్లు గుర్తుపడతారు. మొన్న ఒక పెద్దావిడకు గుమస్తా ష్యూరిటీ అంటే ఏంటో చెప్తున్నాడు. కొడుక్కు బెయిల్ వచ్చిందట, ఏదో సెల్‌ఫోన్ కేసు.

"ఇద్దరు కావాలమ్మా. సొంతిల్లు ఉండాలె, ఇంటి పన్ను రసీదు తేవాలె."

"సొంతిల్లున్నోళ్లు నాకు గిన్నెలు తోమ పనిస్తరు గని, సంతకం పెడ్తరా బిడ్డా?"

గుమస్తా ఆమె కాగితాలు మడిచి వెనక్కిచ్చి, వెనకున్న మనిషిని ముందుకు రమ్మన్నాడు.