పొత్తు అంటారు, పైసా పంచరు

ఐటీ కంపెనీలవాళ్లు పాతికేళ్లు ఒకటే పాట పాడారు. "మీరు పడుకోండి సార్, మేం పనిచేస్తాం. తెల్లారి లేచేసరికి కోడ్ రెడీ!" న్యూయార్క్‌కూ మనకూ ఉన్న తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడాను దేవుడిచ్చిన వరమని అమ్మారు. ఆ వరం పుణ్యమా అని హైదరాబాద్‌లో మాదాపూర్ రోడ్ల మీద అర్ధరాత్రి దాకా క్యాబులు తిరిగాయి. పిల్లలు నాన్నను ఆదివారాలు మాత్రమే చూశారు.

ఇప్పుడు అవే నోళ్లు ప్లేటు ఫిరాయించాయి. దూరం చేటట! వేళలు కలవకపోతే టీమ్ కలవదట! అందుకే కొత్త సరుకు దించారు. పేరు నియర్‌షోర్. క్లయింటుకు పక్క దేశంలోనే టీమ్. అమెరికాకు మెక్సికో, జర్మనీకి పోలండ్. "మీరు లేచినప్పుడే మేమూ లేస్తాం" అన్నది తాజా పల్లవి. మరి నిన్నటి వరం ఇవాళ శాపం ఎలా అయింది? సేల్స్ మేనేజర్‌ను అడగండి. సిగ్గుపడడు. స్లైడ్ మారుస్తాడు.

అమ్మేది ఎవరనుకున్నారు? మనవాళ్లూ ఉన్నారు. టీసీఎస్ 2002లోనే ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో, 2007లో మెక్సికోలోని గ్వాడలహారాలో దుకాణం తెరిచింది. అదే ఏడాది ఇన్ఫోసిస్ ఆ దేశంలోనే మాంటెర్రే చేరింది. రాత్రి షిఫ్టూ వాళ్ల దగ్గరే దొరుకుతుంది, పగటి షిఫ్టూ వాళ్ల దగ్గరే. వ్యాపారం చేసుకోవడం తప్పా? కాదు. గ్వాడలహారా కుర్రాడికి ఉద్యోగం వస్తే మనకు కడుపుమంట దేనికి? ఒళ్లు మండేదల్లా "మనమంతా ఒకే కుటుంబం" అన్న బుకాయింపు చూసి.

ఆ కుటుంబంలో మర్యాదలు చూద్దాం. బ్రోచర్లో "మీ సొంత టీమే". ఐడీ కార్డు తాడు మాత్రం వేరే రంగు. మెయిల్ ఐడీకి "బయటివాడు" అని చెప్పే ఓ తోక. పొద్దున స్టాండప్ కాల్‌లో అందరూ సమానమే. కంపెనీ భవిష్యత్తు చెప్పే మీటింగ్‌కు మాత్రం లింకు రాదు. రిలీజు సాఫీగా పోతే "మన టీమ్ ఘనత". ప్రొడక్షన్‌లో బగ్ పడితే "వెండర్ నిర్వాకం". ఇక కాంట్రాక్టులో ఓ మూల తరచూ కనిపించే ముక్క: ముప్పై రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు. ముప్పై రోజుల్లో తెగే చుట్టరికం మీ ఊళ్లో ఎక్కడైనా ఉందా?

పని హైదరాబాద్ నుంచి గ్వాడలహారాకు కదిలేటప్పుడు చూడాలి తమాషా. దాన్ని ముద్దుగా కేటీ అంటారు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. ఏళ్ల తరబడి ఆ కోడ్‌తో కుస్తీ పట్టినవాడే తన కుర్చీలోకి వచ్చేవాడికి పాఠం చెప్పాలి. మొదట పాతవాడు చేస్తుంటే కొత్తవాడు చూస్తాడు. అది షాడో. తర్వాత కొత్తవాడు చేస్తుంటే పాతవాడు చూస్తాడు. అది రివర్స్ షాడో. ప్రతి ముక్కా రికార్డింగు. ఎక్సెల్ షీటులో గడులన్నీ పచ్చబడ్డాయా, గురువుగారు ప్రాజెక్టు లేకుండా బెంచి మీదికి! ఇంకో సొగసు వినండి. గ్వాడలహారాకూ హైదరాబాద్‌కూ పదకొండున్నర గంటల తేడా. మరి ఆ పాఠాలు ఎప్పుడు చెప్పాలి? రాత్రే. టైమ్ జోన్ బాధ తీర్చే పథకానికి కూడా జాగారం మనవాడిదే!

పోనీ, అక్కడి కుర్రాడైనా సుఖపడ్డాడా? మెక్సికో చట్టం ప్రకారం కంపెనీ తన పన్ను వర్తించే లాభంలో 10 శాతం ఉద్యోగులకు పంచాలి. చాలా కంపెనీలు ఏం చేశాయి? లాభాన్ని ఒక కంపెనీలో, మనుషుల్ని ఇంకో కంపెనీలో పెట్టాయి. లాభం ఉన్నచోట మనుషులు లేరు. మనుషులు ఉన్నచోట లాభం లేదు. ఇక పంచేదేముంది, బూడిద! ఈ ఆట ముదిరాక 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం మనుషుల్ని అద్దెకిచ్చే పద్ధతిని నిషేధించింది. రిజిస్టర్ చేయించుకున్న ప్రత్యేక సేవలకు మాత్రం దారి వదిలింది. ఉద్యోగి వాటాకు ఓ పరిమితి కూడా పెట్టింది. అయినా ఒప్పుకుందాం, వాళ్ల చట్టం అడగడమైనా అడిగింది.

మన ఏలికలో? దుకాణాలు, సంస్థల చట్టంలో పని వేళలు చెప్పే సెక్షన్ల నుంచే ఐటీ కంపెనీలకు మినహాయింపులు ఇస్తూ వచ్చారు. కిరాణా కొట్టు గుమాస్తాకు వర్తించే ఆ సెక్షన్లు కోడ్ రాసేవాడికి నేరుగా వర్తించవు. ఇది చాలక అతను "భాగస్వామి" కూడానట!

కాబట్టి రేపు మీ ముందుకొచ్చి పార్ట్‌నర్‌షిప్ అని పలికే ప్రతి కోటునూ నిలబెట్టి అడగండి. లాభంలో వాటా ఎంత? తెంచుకుంటే ముందు రోడ్డున పడేది ఎవరు? జవాబు లేకపోతే అది పొత్తు కాదు, కూలి పని. కూలి పని చేయడంలో నామోషీ ఏమీ లేదు. అయితే కూలి లెక్కే మాట్లాడండి. రాత్రి పనికి రాత్రి రేటు, అదనపు గంటకు అదనపు డబ్బు, తీసేస్తే పరిహారం. కుటుంబం కబుర్లు మా ఇంట్లో మేం చెప్పుకుంటాం.