చెంచాడు ఊపిరి

నా పేరు వింటేనే జనానికి భయం. "వెంటిలేటర్ మీద పెట్టారట" అన్న మాట వార్డు బయట మెట్ల మీదికి చేరగానే అమ్మమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. నేను నెలలు నిండని పసికందుల వెంటిలేటర్‌ని. ఒక సర్కారు ఆసుపత్రిలో పనిచేశాను.

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందే పుట్టి, ఊపిరితిత్తులు సరిగా ఎదగక 39 గంటలే బతికాడు. పసిపిల్లలకు సరిపడే వెంటిలేటర్లు అప్పటికింకా వాడుకలోకి రాలేదు. ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌ను బయటినుంచి ఇచ్చి బిడ్డల్ని నిలబెట్టవచ్చని జపాన్‌లో ఫుజివారా అనే వైద్యుడు చూపించింది 1980లో.

ప్రాణం నిలిపేదాన్నే అయినా, నా దగ్గర ఎక్కువ రోజులు ఉండకూడదు. నేను తోసే గాలికి లేత ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఆక్సిజన్ మితిమీరితే చూపు పోవచ్చు. అందుకే నన్ను పెట్టిన రోజే తీసే ఆలోచన మొదలుపెట్టే డాక్టర్లంటే నాకు గౌరవం.

27 వారాలకే పుట్టిన ఒక ఆడపిల్లను మరచిపోలేను. 900 గ్రాములు. ఒక్కో ఊపిరికి నేనిచ్చిన గాలి చెంచాడు కూడా ఉండదు. రోజూ కాస్త ఒత్తిడి తగ్గించారు, ఆక్సిజన్ తగ్గించారు. ఊపిరి తీయడం మరచిపోకుండా కెఫీన్ ఇచ్చారు, మీ కాఫీలో ఉండేదే. కెఫీన్ ఇచ్చిన బిడ్డలు దాదాపు వారం ముందుగా మా నుంచి బయటపడతారని 2006లో పెద్ద పరిశోధనే తేల్చింది. మొదటిసారి గొంతులోని నా ట్యూబు తీసిన సాయంత్రానికే పిల్ల నీలంగా మారి మళ్లీ నా దగ్గరికొచ్చింది. తల్లి కుప్పకూలింది. "ఇంకో నాలుగు రోజులు ఆగుదామమ్మా" అంది సిస్టర్.

ట్యూబు గొంతులో ఉన్నన్నాళ్లూ బిడ్డ ఏడుపు వినిపించదు. మొహం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, అంతే. రెండోసారి ట్యూబు తీసి, ముక్కులోంచి కాస్త ఒత్తిడితో గాలి అందించే సీపాప్ గొట్టాలు పెట్టారు. అప్పుడు విన్నాను, బొంగురుగా, పిల్లికూనలా. ఆ తల్లి బిడ్డ గొంతు వినడం అదే మొదలు.

తర్వాత నా ఫ్లో సెన్సార్ పాడైంది. బిడ్డలోకి ఎంత గాలి వెళ్లిందో కొలిచేది అదే. కొత్తది కావాలని రాసిన కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లింది. నన్ను స్టోర్‌రూమ్‌లోకి నెట్టి, విరిగిన మంచాల పక్కన నిలబెట్టి, నెత్తిన సెలైన్ పెట్టెలు పేర్చారు. దుమ్ముకు నేను బాధపడను. గోడ అవతల రాత్రంతా నా బదులు బిడ్డకు ఊపిరి అందించే బ్యాగును చేత్తో నొక్కుతున్న చప్పుడు వినిపిస్తుంది. నొక్కేది ఒక్కోసారి తండ్రే. నిద్ర ముంచుకొస్తున్న చేతికి చెంచాడు లెక్క ఎలా తెలుస్తుంది?

ఆసుపత్రుల్ని నడిపే అయ్యలారా, అమ్మలారా, మీ స్టోర్‌రూమ్ తలుపు ఒక్కసారి తీయించండి. నాకు కావలసింది ఒక్క సెన్సార్.