కార్తీక బహుళ తదియ, కారణం దిష్టి

పరగడుపున 141. ల్యాబు వాళ్ళు ఆ అంకె పక్కన పైకి చూసే బాణం వేసి, నాకు ఇంకా అర్థం కాదేమోనని నల్లగా దిద్ది మరీ ఇచ్చారు. 126 తాకితే షుగరు కిందే లెక్కట. డాక్టరమ్మ కాగితం చూసి, నన్ను చూసి, "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అన్నారు.

"లేదండీ. మావాళ్ళందరూ పుష్టిగా ఉండేవాళ్ళు."

"ఇప్పుడు?"

"పోయారండీ."

"పుష్టిగానేనా?"

ఆవిడ తెల్లకాగితం తీసి మూడు తరాలు చెప్పమన్నారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం, పోయినవాళ్ళ మీద ఏటవాలుగా ఒక గీత. మూడు తరాలనగానే నాకు ధైర్యం వచ్చింది. ఏటా తద్దినంలో చెప్పేది అదేగా! వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా తండ్రి, తాత, ముత్తాత; అమ్మ తరఫు వాళ్ళూ వరసగా, గోత్రాలతో సహా గడగడా అప్పజెప్పేశాను. పెన్ను పట్టుకుని ఆవిడ, "దేనితో పోయారు?" అన్నారు.

మంత్రంలో అది లేదు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మా నాన్న సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. కాబట్టి నా మేనత్తే నాకు అమ్మమ్మ. మా తాతయ్య నాన్న వైపు నుంచి తాతయ్య, అమ్మ వైపు నుంచి ముత్తాత. ఇలాంటి పెళ్ళికి జంట గీత గీస్తారట. ఆవిడ గీసి, కాగితం అటు తిప్పి ఇటు తిప్పి, "ముందు ఈయన సంగతి కనుక్కురండి. ఎన్నో ఏట పోయారో కూడా" అన్నారు. దగ్గరి చుట్టాల్లో మగవాళ్ళకి 55 లోపు, ఆడవాళ్ళకి 65 లోపు గుండెపోటు వస్తే దాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారట.

తిథి నాకు తెలుసు, కార్తీక బహుళ తదియ. ఏ సంవత్సరమో తెలీదు. పెదనాన్నకి ఫోన్ చేశాను.

"గోదావరి పెద్ద వరద వచ్చిన మరుసటేడురా. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం పడిపోయిన నెల."

వరద 1953లో, పంతులు గారి ప్రభుత్వం పడింది 1954 నవంబరులో. పుట్టిన వేళ జాతకచక్రంలో విఘడియలతో సహా ఉంది. తీసివేస్తే 48 తేలింది. ఇంతవరకూ బాగానే ఉంది. "దేనితో పోయాడు?"

"దిష్టి. కొత్త బండి కట్టించాడు. ఊరంతా కళ్ళప్పగించి చూసింది. మూడో నెలకి మంచం పట్టాడు."

బాబాయ్ కాస్త చదువుకున్నవాడు. "గుండె ఆగిపోయిందిరా" అన్నాడు. గుండె ఆగకుండా పోయినవాడు మా వంశంలోనే కాదు, ఏ వంశంలోనూ ఉండడు. అందుకే మరణ కారణం దగ్గర ఉత్తినే గుండె ఆగిందని రాయొద్దని డాక్టర్లకి గట్టిగా చెబుతారు.

పెద్దమ్మ గొంతు తగ్గించింది. "ఎవరడుగుతున్నారు? అమ్మాయికి సంబంధం వచ్చిందా? మన ఇంటావంటా ఏ జబ్బూ లేదని చెప్పు."

అసలు గుట్టు ఇక్కడుంది. మా ఇళ్ళలో జబ్బు ఒంటికి వచ్చేది కాదు, పెళ్ళిళ్ళకి వచ్చేది. మా చిన్నతాత ఇరవై రెండేళ్ళ వయసులో నెత్తురు కక్కి పోయాడు. ఈనాటికీ మా ఇంట్లో దాన్ని పడిశం అంటారు.

ఊళ్ళో పాత జనన మరణాల రిజిస్టరు చూద్దామంటే చెదలు చూసేశాయి. చూసినా ఒరిగేదేమీ లేదు. తెల్లవాళ్ళ కాలం నుంచీ ఆ లెక్కల్లో ఉన్న కారణాలు కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ వ్యాధులు, గాయాలు, ఇతరాలు. రాసేది గ్రామ మున్సబు, ఆయనకి తెలిసిన వైద్యం శిస్తు వసూలు. దండిగా పోయింది జ్వరాల కిందే. మావాళ్ళు బహుశా ఇతరాలు.

చివరికి అమ్మమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడకి 96. ఏ జబ్బూ లేదు, ఎందుకంటే ఏ పరీక్షా చేయించుకోలేదు.

"దిష్టేమిట్రా నీ మొహం! రాచకురుపు. వీపు మీద, అరిచేయంత. బస్తీకి తీసుకెళ్ళి కోయించారు. మానలేదు."

"అంతకుముందు ఏమైనా జబ్బు..."

"జబ్బా? దుక్కలా ఉండేవాడు! రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేచేవాడు, లేచినప్పుడల్లా చెంబుడు నీళ్ళు తాగేవాడు, అంతే. పెరట్లో ఆయన కూర్చొచ్చిన చోట చీమలు పట్టేవి. మా అమ్మ ఒకటే నవ్వు, మీ నాన్న మాటే అనుకున్నా, అన్నీ తీపేనే అని."

ఇన్సులిన్ కనుక్కున్నది 1921లో, టొరంటోలో. ఆ తర్వాత 33 ఏళ్ళకి కూడా మా ఇంట్లో రోగం కనిపెట్టినవి చీమలొక్కటే. అవి ఎవరికీ చెప్పలేదు.

డాక్టరమ్మకి చీమల సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. తాతయ్య చతురస్రాన్ని నల్లగా నింపి, అక్కడి నుంచి నా దాకా వచ్చే రెండు దారుల మీదా పెన్ను నడిపారు. పొలం గడప దాటకూడదని చేసుకున్న మేనరికం అది. పొలం ఎప్పుడో దాటింది. ఇది దాటలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తాతయ్యకి తీపంటే ప్రాణమని 70 ఏళ్ళుగా ఆయన తద్దినానికి బూరెలు, బెల్లం పరమాన్నం వండిస్తున్నాం. శేషమని చెప్పి నేను ఐదేసి తింటున్నాను. ఈసారి గారెలతో సరిపెడదామా అని అమ్మమ్మని అడిగాను.

"పోయినాయనకి పథ్యమేమిట్రా? ఆయనకి తగ్గించకు, నువ్వు తగ్గించుకో."

మొన్న తదియనాడు భోక్తలకి నాలుగేసి బూరెలు వడ్డించాం. నా విస్తట్లో ఒకటి పడింది. అందులో సగం మా ఆవిడ తీసేసింది.