పిల్లి పెళ్ళికి నాలుగో పందిరి

ప్రకటన మీరూ చూసే ఉంటారు. "సమూలంగా మారిన మీ అభిమాన కథల సంపుటి! సరికొత్త హంగులతో, ఈ పుస్తక మహోత్సవానికి!" నాకు వాట్సాప్‌లో పదకొండుసార్లు వచ్చింది. అందులో నాలుగు రచయిత స్వయంగా పంపినవే. సమూలంగా అంటే వేళ్ళతో సహా అని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు చెప్పారు. ఆ మాట నమ్మి ఆశపడి ఫోన్ చేశాను.

"కొత్త కథలేమైనా కలిపావా అబ్బాయ్?"

"లేదన్నగారూ, అవే పన్నెండు."

"పోనీ, పాతవి దిద్దావా?"

"ముట్టుకోలేదండీ. కాగితం మార్చాం. పట్టుకుంటే వెన్నలా ఉంటుంది, చూడండి."

ఈ వెన్న ఇప్పటికి నాలుగోసారి కరిగింది. 2009లో మొదటి ముద్రణ డెమ్మీ సైజు, ఎనభై రూపాయలు. ఆవిష్కరణ సభలో ఉప్మా కూడా పెట్టారు. 2014లో జేబులో పట్టేట్టు చిన్నదయింది. 2019లో నలుచదరంగా వచ్చింది. అది ఏ అలమరలోనూ పట్టదు. మా ఇంట్లో సెట్‌టాప్ బాక్సు కింద ఎత్తుకి పనికొచ్చింది. ఇప్పుడు గట్టి అట్ట, లోపల పట్టు రిబ్బను, నాలుగువందల యాభై. పదిహేడేళ్ళలో పన్నెండు కథలు పదమూడు కాలేదు.

ఇతనొక్కడే అయితే నేను కాలమ్ రాసేవాణ్ణి కాదు. డిసెంబరులో ఏలూరు రోడ్డులో ఏ ప్రెస్సు మెట్లెక్కినా ఒక రచయిత కూర్చుని ఉంటాడు, చేతిలో కాగితం ముక్కలు పెట్టుకుని వేళ్ళతో నలుపుతూ. ఒకప్పుడు వీళ్ళు వాక్యం గురించి పోట్లాడుకునేవాళ్ళు. ఇప్పుడు జి.ఎస్.ఎం. గురించి పోట్లాడుకుంటున్నారు. మ్యాట్ లామినేషనా, గ్లాస్ లామినేషనా అన్న చోట రెండు సాహిత్య వర్గాలు చీలిపోయాయంటే మీరు నమ్మరు.

అట్ట సంగతి చెప్పాలి. ఈసారి అట్ట ఏఐ వేసింది. ముందు ఫేస్‌బుక్‌లో ఏడు అట్టలు పెట్టి, ఏది బాగుందో నంబరు చెప్పండి అని ఓటింగు జరిపాడు. మూడువందల మంది ఓటేశారు. వాళ్ళలో పుస్తకం చదివినవాళ్ళెందరో అడగలేదు. అడిగితే ఓట్లు తగ్గుతాయి.

గెలిచిన అట్ట మీద ప్రకాశం బ్యారేజీ ఉంది. పనిలేనివాణ్ణి కాబట్టి గేట్లు లెక్కపెట్టాను. ఇరవై మూడు. అసలు బ్యారేజీకి డెబ్భై. మిగతా నలభై ఏడూ ఇరిగేషన్ వాళ్ళకి చెప్పకుండా ఎటు పోయాయో తెలియదు. వెనకాల ఇంద్రకీలాద్రి. దాని మీద మంచు. విజయవాడలో, మే నెలలో నడిచే కథలకి, మంచు! ముందు ఒక రైతు, పంచె మన కట్టే, నెత్తిన మాత్రం కౌబాయ్ టోపీ. నాగలి పట్టుకున్న చేతికి ఆరు వేళ్ళు. దివిసీమ ఉప్పెన మీద రాసిన కథలో కూడా ఇంత అన్యాయం జరగలేదు.

దూరంగా ఒక బస్సు, దాని మీద బోర్డు. ఆ బోర్డులో అక్షరాలు సగం తెలుగు, సగం కన్నడం, మిగతా సగం జంతికలు. బాపు చేతి రాతని ఫాంటుగా చేసుకుని పెళ్ళిపత్రికల మీద కూడా వాడుకునే జాతి మనది. అక్షరాన్ని చూసే గీసినవాడెవరో చెప్పేవాళ్ళం. ఆ జాతి రచయిత తన పుస్తకం మీద జంతికలు వేయించుకుని, "ఎంత లైవ్లీగా ఉందో చూశారా" అంటున్నాడు.

అట్ట కుడి మూలన ఒక పిల్లి ఉంది. నుదుట బాసికం, ఒంటి మీద పసుపు చీర. పెళ్ళికూతురిలా సిగ్గుపడుతోంది. పైగా దాని కళ్ళకి స్పాట్ యూవీ పూత, వేలు పెడితే నున్నగా తగిలేట్టు. పన్నెండు కథల్లో ఎక్కడా పిల్లి లేదని నాకు బాగా గుర్తు. అడిగాను.

"మేజిక్ రియలిజం అన్నగారూ," అన్నాడు.

ముందుమాటలు నాలుగు, వెరసి నలభై ఒక్క పేజీలు. వెనక అట్ట మీది క్యూఆర్ కోడ్ కొడితే రచయిత దండలేసుకున్న వీడియో వస్తుంది. అను ఫాంట్స్ నుంచి యూనికోడ్‌కి మార్చినప్పుడు ఎగిరిపోయిన వత్తులు ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

ఇక వెటకారం నావల్ల కాదు. కోపం వస్తోంది.

1897లో అచ్చయిన నాటకాన్ని గురజాడ 1909లో మళ్ళీ తెచ్చాడు. పేరు అదే, కన్యాశుల్కం. లోపలికి వెళితే వేరే నాటకం. కూర్చుని తిరగరాశాడు, పెంచాడు, కుదిపేశాడు. ఇవాళ మనం చదివి నవ్వేది ఆ రెండోదాన్నే. దాని అట్ట రంగేమిటో ఎవడికీ తెలియదు, అక్కర్లేదు కూడా. పన్నెండేళ్ళు తీసుకుని ఆ మనిషి చేసిన పనిని మలిముద్రణ అంటారు. రూపం మార్చడమే తప్పని నేననను. 1981లో లండన్‌లో మహాప్రస్థానం శ్రీశ్రీ సొంత దస్తూరీతో వచ్చింది. అందులో కవి చెయ్యి కనిపిస్తుంది. నీ పుస్తకంలో ఎవడి చెయ్యి కనిపిస్తోందయ్యా? ఆరు వేళ్ళ చెయ్యా?

అట్ట మీద వేసుకున్న ఆ బ్యారేజీనే చూడు. 1855లో పూర్తయిన ఆనకట్ట దాదాపు వందేళ్ళు పనిచేసింది. 1952లో తెగింది. తెగాకే కొత్తది కట్టారు, 1957లో తెరిచారు. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి గుద్దుకుంటే, విరిగిన కౌంటర్ వెయిట్లు తీసి కొత్తవి పెట్టారు. ఎక్కడ విరిగిందో అక్కడ బాగుచేశారు. బ్యారేజీకి ఏ రంగు బాగుంటుందని ఓట్లు అడగలేదు.

నీ పుస్తకంలో విరిగిన చోటు నేను చూపించాను. ఒకసారి కాదు. అరవై మూడో పేజీ. ఆ సంపుటిలో ఉన్న ఒకే ఒక్క మంచి కథ, అందులో ఉన్న అన్నింటికన్నా మంచి వాక్యం. కాలవ కింది ఎకరం అమ్మి పిల్ల పెళ్ళి చేసిన తండ్రి, ఆ రాత్రి గట్టు మీద ఒక్కడే కూర్చుంటాడు. చదివితే గొంతులో ఏదో అడ్డం పడాలి. 2009లో డీటీపీ చేసినతను ఒక గుడి ఎక్కువ కొట్టాడు. "ఎకరం అమ్మి పిల్లి పెళ్ళి చేశాడు." ఉప్మా తింటూ చెప్పాను. 2014లో కార్డు రాశాను. 2019లో ఆ పేజీ ఫోటో తీసి పంపాను. ప్రతిసారీ ఒకటే జవాబు: "వచ్చే ఎడిషన్‌లో చూద్దాం." ప్రూఫులు చూసేవాడికి డబ్బు దండగ అన్నావు. పిల్లి కళ్ళ మెరుపుకి మాత్రం డబ్బుంది.

ఇది రాస్తుంటేనే తట్టింది. ఫోన్ చేశాను.

"అట్ట వేయించేటప్పుడు ఏఐకి ఏమిచ్చావు?"

"ఆ కథ మొత్తం పెట్టానన్నగారూ. చదివి తగిన బొమ్మ వెయ్యమన్నాను."

నాలుగు ముద్రణల్లో ఆ కథని అక్షరం పోకుండా చదివింది ఆ యంత్రమొక్కటే.

మొన్న లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర నిలబడితే, గైడ్ల దొంతర కింద రెండో ముద్రణ దొరికింది. ఇరవై రూపాయలన్నాడు, పదిహేనుకిచ్చాడు. మొదటి పేజీలో "ప్రేమతో" అని మనవాడి సంతకం. ఎవరికిచ్చాడో ఆ పేరు మీద మాత్రం సిరా అలికేసి ఉంది. అలవాటుగా అరవై మూడో పేజీ తీశాను. ఎవరో ఎర్ర పెన్నుతో ఆ గుడి కొట్టేశారు. పక్కన మార్జిన్లో ఇంకేమీ రాయలేదు. వాక్యం కింద ఒక గీత గీశారు, అంతే. ఆ గీత చివర కొంచెం వణికింది.

ఫోటో తీసి మనవాడికి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు టైపు చేస్తున్నట్టు చూపించింది.

"ఎర్ర రంగు అదిరింది అన్నగారూ. అయిదో ఎడిషన్ అట్టకి ఇదే షేడ్ వాడదాం."